రుచి చూసిన మనిషి

చోలోన్ హోటల్ తలుపు బార్లా తీసి ఉంది గానీ లోపల పొయ్యి వెలిగిన జాడ లేదు. గుమ్మంలో కాపలా ఉన్న కానిస్టేబుల్, డేనియల్‌ని చూసి సెల్యూట్ కొట్టబోయాడు. అంతలో ఏదో గుర్తొచ్చి ఆ చెయ్యి కిందికి దించేశాడు.

డేనియల్ చూసీ చూడనట్టు లోపలికి నడిచాడు. లాకప్‌లో ఒక మనిషి చనిపోయినప్పుడు, కొట్టింది ఎవరో కోర్టులో పేరు పెట్టి చెప్పిన ఎస్.ఐ. అతను. ఆ సాక్ష్యం తర్వాత స్టేషన్లో అతని పక్కన కూర్చుని టీ తాగినవాడు లేడు. చివరికి రాజీనామా ఇచ్చి, యానాం ఫరంపేటలో తండ్రి కట్టిన ఇంటి ముందుగదికి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నాడు. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు తప్ప మరేమీ ఆ గుమ్మం తొక్కలేదు. హత్య కేసంటూ ఫోను రావడం ఇవాళే మొదలు.

ఫోను చేసింది తెరేసమ్మ. చోలోన్ హోటల్ మరియదాసు భార్య.

ఆదివారం మధ్యాహ్నం హోటల్ హాల్లోనే ఇంటివాళ్ళ భోజనాలు మొదలయ్యాయి. మరియదాసు తన డిమ్‌సమ్ బుట్ట ఖాళీ చేసి, నంచుకునే కారం గిన్నె తుడుచుకుని మరీ తిని లేచాడు. సాయంత్రానికి వాంతులు. దీపాలు పెట్టేవేళకి ఆసుపత్రిలో గుండె ఆగిపోయింది. పచ్చగన్నేరు పప్పు అన్నారు డాక్టర్లు. ఆ కారం గిన్నెకి అంటుకున్న తడిలో అదే దొరికింది. కారం కలిపింది కోడలు జాస్మిన్. తెచ్చి ముందు పెట్టిందీ ఆమే. ఈ ఉదయం పోలీసులు ఆమెను స్టేషన్‌కి తీసుకెళ్ళారు.

"నా కోడలు చెయ్యలేదు బాబూ. నువ్వొచ్చి చూడు" అని ఆ రెండు ముక్కలూ చెప్పి తెరేసమ్మ ఫోను పెట్టేసింది.

ఆ హోటల్ డేనియల్‌కి కొత్త కాదు. మరియదాసు తండ్రి లియోంగ్ చీనావాడు. సైగాన్ పక్కన చోలోన్‌లో వంటవాడు. ఫ్రెంచి కొలువు ముగించుకుని తిరిగొస్తున్న ఒక యానాం కుటుంబంతో పాటు ఓడెక్కి వచ్చి, ఇక్కడి కేథలిక్కుల పిల్లను పెళ్ళాడి, ఈ హోటల్ పెట్టాడు. వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించే డిమ్‌సమ్‌కి ఊళ్ళోవాళ్ళు తమ పేరు తాము పెట్టుకున్నారు: ఆవిరి కజ్జికాయలు. పల్చటి పొరలోంచి లోపలి రొయ్య గులాబీ రంగులో కనపడేది. తండ్రి పోయాక మరియదాసు చేతిలో ఆ రుచి ఇంకా పదునెక్కింది. ఉప్పు ఒక్క రవ్వ తేడా వస్తే వాయి మొత్తం పారబోయించే మనిషని పేరు.

గల్లాపెట్టె వెనకాల ఆంథోనీ నిలబడి ఉన్నాడు. మరియదాసు ఒక్కగానొక్క కొడుకు, జాస్మిన్ భర్త. నలభై దాటిన మనిషి. గడ్డం పెరిగింది. చొక్కా మాత్రం ఇస్త్రీ చెడలేదు.

"అమ్మ పిలిచిందంట కదా" అన్నాడు. "చూడండి. చూసి ఏం చేస్తారు?"

"ఆదివారం మీరెక్కడ కూర్చున్నారు?"

"ఇక్కడే. ఎప్పుడూ ఇక్కడే కదా. వాళ్ళు తిన్నాక తినేవాణ్ణి నేను."

"మీ నాన్నగారికీ జాస్మిన్‌కీ గొడవలున్నాయా?"

"ఆయనకి గొడవ లేనిదెవరితోనండి?" ఆంథోనీ నవ్వబోయి ఆగాడు. "ఇరవై ఏళ్ళుగా గల్లా దగ్గర కూర్చోబెట్టారు నన్ను. వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. జనం వింటుండగానే, మావాడికి చిల్లర లెక్కెట్టడం తప్ప ఇంకేం రాదండి అనేవారు. అలాంటాయన ఆదివారం భోజనాలయ్యాక వంటిల్లు కోడలికి అప్పగిస్తున్నాను అని చెప్తానన్నారు. మరి ఆవిడెందుకు చంపుద్ది అని మీరడుగుతారు. నాకేం తెలుసండి? నాకు ఎవరు ఏం చెప్పారు గనక?"

కారు తాళాలు తీసుకున్నాడు. "స్టేషన్ దగ్గరుంటాను. ఎంతైనా పెళ్ళాం కదా. బయట ఒక్క మనిషైనా ఉండాలి."

అతను వెళ్ళేదాకా చూసి, హాలు మధ్య బల్ల దగ్గర కూర్చున్న ఇన్‌స్పెక్టర్ రామకృష్ణ గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా లాప్‌టాప్, పక్కన టోపీ. ఒకప్పుడు ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. కోర్టులో డేనియల్ చెప్పిన పేరు రామకృష్ణ బావమరిదిది.

"రావయ్యా, రా. పెళ్ళిళ్ళ పేరయ్యకి హత్యల మీద మనసు పోయిందేం?"

"పెద్దావిడ పిలిచింది."

"పిలుస్తుంది. కోడలంటే ప్రేమ. ఈ సాయంత్రం అరెస్టు చూపిస్తున్నాను. ఈలోగా నీ సరదా తీర్చుకో."

"కెమెరా ఫుటేజీ చూడొచ్చా?"

"చూసుకో. నేను చూసి చూసి కళ్ళు పోయినయ్." రామకృష్ణ లాప్‌టాప్ ఇటు తిప్పాడు.

వంటింటికీ హాలుకీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. వండినవి ఆ కిటికీ అరుగు మీద పెడితే ఇవతలివాళ్ళు అందుకుంటారు. దాని పక్కనే గల్లాపెట్టె. కెమెరా సరిగ్గా ఆ రెండింటి పైన బిగించారు. అందుకని బల్లలన్నీ కనిపిస్తాయి గానీ కెమెరా కిందున్న కిటికీ, గల్లా మాత్రం కనిపించవు.

తెరమీద మరియదాసు కూర్చున్నాడు. ఎదురుగా తెరేసమ్మ. ఆవిడ ఒకసారి లేచి, కెమెరా వైపు నడిచొచ్చి కిందికి మాయమై, నీళ్ళ జగ్గుతో తిరిగొచ్చింది. కొద్దిసేపటికి జాస్మిన్ అదే చోటునుంచి ఒక చేత్తో బుట్టలు, ఇంకో చేత్తో నీలిపువ్వుల పింగాణీ గిన్నె పట్టుకుని వచ్చి గిన్నెను మామగారి ముందు పెట్టింది. అది లియోంగ్ తెచ్చుకున్న గిన్నె. ఆ ఇంట్లో మరియదాసు తప్ప అందులో ఇంకెవరూ నంచుకోరు.

"అదుగో" అన్నాడు రామకృష్ణ. "ఆ చెయ్యి. ఇంకేం కావాలి?"

డేనియల్ వీడియోని ముందుకు నడవనిచ్చాడు. మరియదాసు ఒక కజ్జికాయ తీసి, కారంలో నిండా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. రెండోది ముంచాడు. భార్యతో ఏదో అన్నాడు. మూడోది. బుట్ట ఖాళీ అయ్యాక వేలితో గిన్నె అడుగు తుడిచి నాక్కున్నాడు.

"మళ్ళీ వెయ్యి" అన్నాడు డేనియల్.

మళ్ళీ చూశాడు. ఈసారి జాస్మిన్ చేతిని చూడలేదు, ముసలాయన మొహమే చూశాడు. నుదురు ముడిపడలేదు. నీళ్ళ గ్లాసు వైపు చెయ్యి పోలేదు.

"రామకృష్ణా, కనకాలపేట కేసు గుర్తుందా? మనిద్దరం ఎస్.ఐ.లుగా ఉన్నప్పటిది. చేపల పులుసులో గన్నేరు పప్పు కలిపి పెట్టారు."

"ఎందుకు గుర్తులేదు? ఆ మనిషి బతికాడు."

"ఎందుకు బతికాడు?"

రామకృష్ణ చూపు లాప్‌టాప్ మీదికి పోయింది. "మొదటి ముద్దకే ఉమ్మేశాడు. విషపు చేదు అన్నాడు. అయితే? ఇక్కడ వెనిగర్ ఉంది, అల్లం ఉంది, మంట పుట్టే కారం ఉంది. చేదు తెలిసుండదు."

"అక్కడ చింతపండు పులుసు, మిరప్పొడి ఉన్నాయి. తిన్నవాడు తాపీమేస్త్రి. ఇక్కడ తిన్నాయన ఉప్పు రవ్వ తేడా పట్టుకునే మనిషి. ఆయన గిన్నె నాకాడు."

"నీ కథలు కోర్టులో చెప్పు. నీకు అలవాటే కదా."

ఆ మాట గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది. డేనియల్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

పొయ్యిలు చల్లగా ఉన్నాయి. బుట్టలు కడిగి బోర్లించి ఉన్నాయి. వంటవాడు ఇన్నయ్య గోడకి చేరబడి నేలమీద కూర్చున్నాడు. పోలీసులు రెండుసార్లు అడిగారు అతన్ని. రెండుసార్లూ ఒకటే అడిగారు: కారం ఎవరు కలిపారు అని.

"ఆయ్, చిన్నమ్మగారే కలిపారండి" అన్నాడతను, డేనియల్ అడక్కుండానే. "కలిపి ఆ కిటికీలో పెట్టి, బుట్టలు దింపుదారని పొయ్యి కాడికొచ్చారు. ఈ మాటా చెప్పానండి ఆళ్ళకి. రాసుకున్నారో లేదో తెలీదు."

"గిన్నె కిటికీలో ఎంతసేపుంది?"

"మూత తీసి, బుట్టలు దింపి, సర్దేసరికి కాస్త సేపే అయ్యుంటదండి. మేమిద్దరం అటు ఈపు పెట్టే ఉన్నాం."

డేనియల్ కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. అవతలనుంచి గల్లా దగ్గర మనిషికి అరుగు మోచేతి దూరం. నీళ్ళ జగ్గు కూడా ఆ అరుగు పక్కనే ఉంటుంది.

"ఇన్నయ్యా, ఒక సంగతి అడుగుతాను. అయ్యగారు రుచి ఎక్కడ చూసేవారు?"

"ముందు రోజుల్లో ఇక్కడేనండి. ఇదిగో, ఈ పొయ్యి ముందు నిలబడి, కుతకుతలాడతా ఉండగానే నోట్లో ఏసుకునేవోరు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మంచాన పడి లేచారు కదండీ, అప్పట్నించి మేడమీదే. పొద్దున్న మొదటి బుట్ట అమ్మగారు పైకి అట్టుకెళ్ళేవోరు. తలుపేసుకునేవోరు. కాసేపటికి కబురొచ్చేది, ఉప్పు తగ్గిందనో, నువ్వుల నూనె ఎక్కువైందనో."

"ఆ కబురు సరిగ్గా ఉండేదా?"

"ఎప్పుడూ తప్పలేదండి. ముందుకంటే ఇంకా నిక్కచ్చిగా ఉండేది." ఇన్నయ్య తల గోక్కున్నాడు. "ఒకసారి మాత్రం చిత్రం జరిగిందండి. పాలు ఇరిగిపోయిన టీ పొరపాటున ఆయనకిచ్చేశాను. నేను పరిగెత్తుకెళ్ళేలోగా చుక్క మిగల్చకుండా తాగేసి, బాగుందిరా అన్నారు. నన్ను తిట్టకుండా ఒదిలేశారనుకున్నాను."

డేనియల్ పొయ్యి అంచు మీద కూర్చుండిపోయాడు. ఆ ముసలాయన నాలుక కరోనాతోనే చచ్చిపోయింది. ఆ సంగతి బయటికి పొక్కితే హోటల్ పేరు పోతుందని దాచాడు. మేడమీద తలుపు వెనక ఆయన తరఫున ఇంకెవరో రుచి చూశారు.

"చిన్నమ్మగారికి ఈ సంగతి తెలుసా?"

"ఏ సంగతండి?"

ఇన్నయ్యకే తెలియదు. డేనియల్ ఇంకోలా అడిగాడు. "ఆదివారం పొద్దున్న కూడా కబురొచ్చిందా?"

"వచ్చిందండి. రొయ్యల ముద్దలో ఉప్పు చాల్లేదని. చిన్నమ్మగారు సింకు కాడ నిలబడి ఏడ్చారు. మామయ్యగారి నాలుకని ఏమార్చలేం ఇన్నయ్యా అని, ముద్దంతా మళ్ళీ కలిపారు."

డేనియల్ హాల్లోకొచ్చాడు. రామకృష్ణ టోపీ పెట్టుకుంటున్నాడు.

"సాయంత్రం అరెస్టు చూపించావంటే, మొదటి వాయిదాకే లాయరు నీ కేసు చింపేస్తాడు" అన్నాడు డేనియల్. "ఈ వీడియో నువ్వే ఇస్తావు, వాళ్ళే వాడుకుంటారు. మరియదాసుకి రుచి తెలీదు. మూడేళ్ళకి పైనే అయింది. ఇన్నయ్యని విరిగిన పాల టీ గురించి అడుగు. మందులిచ్చిన డాక్టర్ని అడుగు."

రామకృష్ణ టోపీ మళ్ళీ తీశాడు.

"ఆయన నాలుకంటే ఈ ఊళ్ళో అందరికంటే ఎక్కువ భయపడింది జాస్మిన్. ఆ రోజు పొద్దున్న కూడా ఉప్పుకోసం ఏడ్చింది. అంత చేదు గింజని ఆ నాలుక ముందు తెచ్చి పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఆ నాలుక పనిచెయ్యదని తెలిసినవాళ్ళకి. ఆమెకి తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?"

"అదింకా చెప్పలేను."

"చెప్పలేడంట." రామకృష్ణ పళ్ళు నూరాడు. కానీ అతను తెలివితక్కువవాడు కాదు. లాప్‌టాప్‌లో ముసలాయన గిన్నె నాకడం దగ్గర ఆపి, చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఇన్నయ్యతో మాట్లాడి వచ్చాడు. మొహం గంటు పెట్టుకునే ఫోను తీశాడు.

"ఆ అమ్మాయి సంతకం తీసుకుని ఇంటికి పంపెయ్. ఊరు దాటొద్దని చెప్పు." ఫోను పెట్టేసి డేనియల్ వైపు చూశాడు. "ఇది నీకోసం కాదు. నా పరువుకోసం. నువ్వు చేసినదేదీ నేను మర్చిపోలేదు."

"మర్చిపోమని అడగలేదు."

డేనియల్ మేడమెట్లెక్కాడు. గెలిచానన్న సంతోషం ఏ కోశానా లేదు. పొద్దున్నే బుట్ట పైకి మోసుకెళ్ళింది తెరేసమ్మ. తలుపేసుకుంది తెరేసమ్మ. కెమెరాలో కిటికీ దగ్గరకి వెళ్ళొచ్చిందీ ఆమే. తనకి చిన్నప్పుడు డబ్బులు తక్కువైతే నవ్వి ఇంకో కజ్జికాయ వేసి పంపిన చెయ్యి అది.

ఆవిడ మంచం మీద జపమాల పట్టుకుని కూర్చుంది. జపం చెయ్యడం లేదు. పూసలు ఉత్తినే తిప్పుతోంది.

"జాస్మిన్‌ని వదిలేశారమ్మా" అన్నాడు.

తెరేసమ్మ కళ్ళు మూసుకుంది. "దేవుడు నీకు మేలు చెయ్యాలి."

"ఉన్నదున్నట్టు మాట్లాడుకుందామమ్మా. ఆయనకి రుచి పోయిన సంగతి మీరు దాచారు. ఈ గదిలో తలుపేసుకుని ఆయన బదులు రుచి చూశారు. ఆదివారం నీళ్ళకోసం కిటికీ దగ్గరకి వెళ్ళారు."

ఆవిడ అతన్ని తేరిపార చూసింది. కోపం రాలేదు. అలిసిపోయినట్టు భుజాలు దిగిపోయాయి.

"నేనా? రొయ్య తగిలితే నా ఒళ్ళంతా దద్దురెక్కుద్ది బాబూ. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కాణ్ణుంచి ఒక్క రొయ్య కజ్జికాయ నోట పెట్టి ఎరగను. మీ అమ్మకీ తెలుసు ఆ సంగతి."

"మరి రుచి చూసిందెవరు?"

పూసలు ఆగిపోయాయి.

"వెనక మెట్లమీంచి వచ్చేవోడు" అంది. "పొద్దున్నే, ఇన్నయ్య చూడకుండా. అచ్చం తాత నాలుక వాడిది. ఒక్కసారి కొరికి ఏది తగ్గిందో, ఏది పెరిగిందో చెప్పేసేవోడు. ఈయన తలాడించి కిందికి కబురంపేవోరు. మళ్ళీ మధ్యాహ్నం జనం ముందు, వీడికి చిల్లర తప్ప ఏం రాదని నవ్వేవోరు. అలా వద్దండీ అని ఎన్నోసార్లు చెప్పాను. అదే నాలుకతో పని చేయించుకుని, వంటిల్లు కోడలికి రాసిస్తానన్నారు."

"ఆంథోనీ" అన్నాడు డేనియల్.

"ఆ రోజు నీళ్ళకని వెళ్తే, వాడు నాన్న గిన్నెలో స్పూను పెట్టి కలుపుతున్నాడు. రుచి చూస్తున్నాడేమో అనుకున్నాను. కానీ నోట్లో పెట్టుకోలేదు బాబూ. గుడ్డతో తుడిచేశాడు. కలిపిన స్పూనుని నోట పెట్టుకోకుండా వాడు తుడవడం పుట్టి బుద్ధెరిగాక నేను చూళ్ళేదు. అయినా వచ్చి కూర్చున్నాను. ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. నాకు తోచలేదు. తోచలేదో, తోచనివ్వలేదో."

"ఈ ముక్క పొద్దున్నే ఎందుకు చెప్పలేదమ్మా?"

"కన్నదాన్ని. నా నోటితో ఎలా చెప్పను? ఆ పిల్లని ఉరికంబం ఎక్కనివ్వలేను. వీడి పేరు పలకలేను. నువ్వైతే ఎవరి పేరైనా చెప్పేస్తావని ఊరంతా అంటారు కదా. అందుకే నిన్ను పిలిచాను."

ఆ మాట డేనియల్ సగమే విన్నాడు. అప్పటికే అతని మనసు వేరేచోటికి పరిగెత్తింది. స్టేషన్ బయట ఉంటానని కారు తీసుకెళ్ళిన మనిషెవరు?

స్టేషన్‌కి ఫోను చేశాడు. డ్యూటీలో ఉన్న రైటర్ కానిస్టేబుల్ తీశాడు. "ఇప్పుడే వెళ్ళారండి. వాళ్ళాయనే కారులో తీసుకెళ్ళారు."

తెరేసమ్మ దగ్గర నంబరు తీసుకుని జాస్మిన్‌కి చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"జాస్మిన్, నేను డేనియల్‌ని. ఎక్కడున్నావమ్మా?"

"కారులోనండి. మీ వల్లే వదిలారంట, అత్తయ్యగారిదీ మీదీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీట్లేదండి." ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఇంటికనే బయల్దేరాం. కాసేపు ఏటిగట్టు దాకా వెళ్దాం, మనసు కుదుటపడుద్ది అన్నారండి ఈయన. అడవిపొలం ఊరు దాటాం."

"నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఏదో ఒక వంక పెట్టి జనం ఉన్నచోట కారు ఆపించు."

ఆమె విన్నట్టు లేదు. "డేనియల్ గారూ, మామయ్యగారికి అసలు రుచే తెలీదంటండి. ఇప్పుడే చెప్పారు ఈయన. ఇన్నాళ్ళూ ఒక్కరూ నాకు చెప్పలేదు. మరి పొద్దున్నే ఆ కబుర్లు, ఉప్పు తక్కువని, నూనె ఎక్కువని..."

గొంతు అక్కడ ఆగిపోయింది. ఫోనులో ఇంజను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆమె వాక్యం పూర్తి చెయ్యలేదు గానీ లోలోపల, పక్కనున్న మనిషి పేరుతోనే పూర్తిచేసుకుంటోందని డేనియల్‌కి అర్థమైంది.

ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఎవరితో?" అన్న ఆంథోనీ గొంతు చాలా శాంతంగా వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

డేనియల్ మెట్లు రెండేసి దాటుకుంటూ దిగాడు. జీపు ఎక్కబోతున్న రామకృష్ణ చెయ్యి పట్టుకుని నాలుగు మాటల్లో చెప్పాడు. రామకృష్ణ మొహంలో వెక్కిరింపు లేదు. రక్తం లేదు.

"నా స్టేషన్‌లో ఉంటే ఈ పూట భద్రంగా ఉండేది" అన్నాడు నెమ్మదిగా. "పంపించమంది నువ్వు. పంపించింది నేను. ఎక్కు."

జీపు కదులుతుండగా డేనియల్ మళ్ళీ ఆ నంబరు నొక్కాడు. స్విచాఫ్ అని వచ్చింది.